అక్క పొదగేసిన తొమ్మిది గుడ్లు

మా అత్తయ్యగారి దృష్టిలో పిల్లలు దిగడం కోడి గొప్పతనం కాదు, గంపలో గుడ్లు సర్దిన చెయ్యి గొప్పతనం. కోడిదేముంది, కూర్చోబెడితే కూర్చుంటుంది. సర్దే ఆడమనిషికి మాత్రం పిల్లలుండాలి, అందులోనూ మొదటి కాన్పు నిలిచి ఉండాలి. అలాంటి చెయ్యి తగిలితే గుడ్లన్నీ పిల్లలవుతాయి, లేకపోతే మురిగిపోతాయి. దీన్ని నమ్మకం అనలేను. నమ్మకమైతే ఎప్పుడో ఒకప్పుడు కాస్త అనుమానం రావాలి. ఆవిడకి పోయేదాకా రాలేదు.

మా ఇంట్లో అలాంటి చెయ్యి నాది. నేను రెండో కోడల్ని. మొదట అమ్మాయి, తర్వాత అబ్బాయి, ఇద్దరూ నిక్షేపంలా ఉన్నారు. పెద్దకోడలికి, అంటే నేను అక్కా అని పిలిచే మా తోడికోడలికి, పెళ్ళయి పన్నెండేళ్ళయినా పిల్లల్లేరు. రావులపాలెం దగ్గర ఊరు మాది. ఒకే ఆవరణలో రెండు వాటాలు, వెనకాల ఇద్దరికీ కలిపి ఒకటే దొడ్డి. అత్తయ్యగారు మా వాటాలో ఉండేవారు.

ఆ ఇంట్లో పనులు ఎవరూ పంచకుండానే పంచుకున్నట్టు ఉండేవి. బుర్రతో చేసేవన్నీ అక్కవి. బ్యాంకు కాగితాలు, కరెంటాఫీసుకి అర్జీలు, మా ఆయనకి వచ్చే సందేహాలు, మా పిల్లల హోంవర్కు. ఆవిడ పక్క ఊళ్ళో ప్రైమరీ స్కూలు టీచరు, స్కూటీ మీద వెళ్ళొచ్చేది. నేను ఇంటర్ తప్పినదాన్ని. కానీ శుభం అన్నదేదైనా నాది. సీమంతానికి గాజులు తొడగాలన్నా, కొత్తింట్లో పాలు పొంగించాలన్నా నన్నే ముందుకి తోసేవారు. అక్క అప్పటికి వంటింట్లోనో, వెనక వరసలోనో ఉండేది. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చేది. నచ్చేది కాదని ఇప్పుడు రాస్తే అబద్ధం.

అమ్మాయి నాలుగో తరగతిలో ఉండగా ఊరంతా కోళ్ళకి కొక్కెర తెగులు వచ్చింది. పొద్దున్న మెడ వాల్చిన కోడి సాయంత్రానికి లేదు. నాలుగు రోజుల్లో మా దొడ్డి ఖాళీ అయిపోయింది. అత్తయ్యగారు కొబ్బరిచెట్ల అవతల గొయ్యి తవ్వించి, సున్నం జల్లి, అన్నిటినీ అందులో పడేయించారు. రెండు ముసలి పెట్టలు మాత్రం ఎందుకు మిగిలాయో మిగిలాయి. పుంజు లేదు. అవి పెట్టే గుడ్లు తినడానికే తప్ప పొదగెయ్యడానికి పనికిరావు. ఊళ్ళో అందరి దొడ్లూ అలాగే ఉన్నాయి కాబట్టి మంద మళ్ళీ మొదలవ్వాలంటే గుడ్లు బయటినుంచే రావాలి.

అక్క పుట్టిల్లు పిఠాపురం దగ్గర. అక్కడికి తెగులు రాలేదు. "మీ వాళ్ళనడిగి ఒక ఇరవై గుడ్లు పట్రా" అన్నారు అత్తయ్యగారు. అక్క ఆదివారం పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి తెచ్చింది. పాల క్యానులో అడుగున ఊక, ఒక వరస గుడ్లు, మళ్ళీ ఊక. రెండు బస్సులు మారింది. బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా క్యానుని ఒళ్ళోంచి పైకెత్తి గాల్లో పట్టుకుందట. చేతులు లాగేస్తున్నాయని నవ్వుతూ చెప్పింది. ఒక్క గుడ్డు కూడా చిట్లలేదు.

అత్తయ్యగారు గుమ్మంలోనే క్యాను అందుకున్నారు. "అక్కడ పెట్టు. ఇంక నువ్వు ముట్టుకోకు" అన్నారు, నీళ్ళు తాగుతావా అని అడిగినంత మామూలుగా. అక్క చేతులు దులుపుకుని తన వాటాలోకి వెళ్ళి, అరుగు మీద పిల్లల పుస్తకాలు దిద్దడానికి కూర్చుంది.

మర్నాడు ఒక పెట్ట పొదుగుకొచ్చింది. స్నానం చేసి రమ్మని నన్ను పిలిచారు. గంపలో ఊక, దాని మీద ఎండుగడ్డి. ఉరుములకి గుడ్లు చెడకుండా ఒక ఇనపమేకు, ఒక బొగ్గుముక్క, రెండు ఎండుమిరపకాయలు. గుడ్లు బేసి లెక్కలోనే పెట్టాలి కాబట్టి పదకొండు. నేను ఒక్కొక్కటే తీసి సర్దుతుంటే అత్తయ్యగారు పక్కనే నిలబడి, దేవుడి దగ్గర దీపం పెడుతున్నదాన్ని చూసినట్టు చూశారు. అక్క అరుగు మీదనుంచి ఇటే చూస్తోందని నాకు తెలుసు. అందుకే ఇంకాస్త నిదానంగా సర్దాను.

తొమ్మిది మిగిలాయి. "అవి పులుసు పెట్టెయ్యండి" అన్నారు అత్తయ్యగారు. అక్క పట్టుకెళ్ళింది కానీ పులుసు పెట్టలేదు. ఐదు రోజులకి రెండో పెట్ట కూడా ముడుచుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. అప్పుడు అక్క వచ్చి అడిగింది.

"అత్తయ్యగారూ, ఆ తొమ్మిదీ ఉన్నాయండి. ఈ పెట్ట కింద పెడతానండి."

"చెల్లెల్ని పిలు, అది పెడుతుంది."

"నేనే పెడతానండి."

అత్తయ్యగారు ఆవిడ మొహంలోకి చూశారు. "మురిగిపోతాయి."

"తినేసేవే కదండీ. పోతే పోతాయి."

అన్నేళ్ళలో అక్క ఆవిడకి ఎదురు చెప్పడం నేను చూడటం అదే మొదటిసారి. అత్తయ్యగారు నా గంప ఛాయలకి రాకూడదని మాత్రం చెప్పారు. అక్క తన వాటాలోని కొట్టుగదిలో గంప పెట్టుకుంది. గుడ్ల మీద పెన్సిల్‌తో ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వేసింది, టీచరు కదా. మేకు బదులు స్కూల్లో విరిగిపోయిన తలుపు గడియ ఒకటి తెచ్చి గడ్డిలో దూర్చింది. గోడకి కేలండరు తగిలించి రోజులు కొట్టేయడం మొదలుపెట్టింది. పోతే పోతాయి అన్న మనిషి చేసే పనులు కావవి. ఆ గంపలో ఏం కూర్చోబెట్టిందో నాకు అప్పుడే అర్థమైంది. ఒక్క పిల్ల దిగినా చాలు, ఈ ఇంట్లో ఆవిడ చెయ్యి మీద పడ్డ మాట చెరిగిపోతుంది.

ఎనిమిదో రోజు స్కూలుకి వెళ్ళేముందు అక్క నన్నూ మా అమ్మాయినీ కొట్టుగదిలోకి పిలిచింది. తలుపు వేసి, సెల్లు టార్చి వెలిగించి, గుడ్డుని దాని మీద నిలబెట్టింది. గుడ్డంతా ఎర్రగా వెలిగింది. లోపల సన్నటి నరాలు, మధ్యలో ఒక నల్లటి చుక్క. ఆ చుక్క కదిలింది.

"చూశావా చెల్లీ" అంది.

మా అమ్మాయి అంకెలు చదువుతూ ఒక్కొక్కటే అందించింది. తొమ్మిదింటికి తొమ్మిదీ బతికున్నాయి. తర్వాత దానికి సరదా పుట్టి, మా గంప దగ్గరికి టార్చి పట్టుకుని పరిగెత్తింది. అత్తయ్యగారు పూజలో ఉన్నారు. తల్లీకూతుళ్ళం దుప్పటి కప్పుకుని నా గుడ్లు చూశాం. పదమూడు రోజుల గుడ్లు, లోపల పిల్ల ఉంటే నల్లగా నిండుగా కనిపించాలి. ఆరు నిండుగా ఉన్నాయి. ఐదు ఖాళీగా, నిన్న పెట్టిన గుడ్డులా తెల్లగా వెలిగాయి.

"అమ్మా, నీవి ఆరు, పెద్దమ్మవి తొమ్మిది" అంది అమ్మాయి. "పెద్దమ్మ చెయ్యి నీ చెయ్యికన్నా మంచిదేగా? మామ్మకి చెప్తాను."

"స్కూలుకి టైమయింది, పో" అన్నాను.

అన్నీ ఒకే ఊరి గుడ్లు, ఒకే క్యానులో వచ్చినవి. వంక పెట్టడానికేమీ లేదు. ఇంకో రెండు వారాల్లో ఆ దొడ్లో అక్క పిల్లలు తొమ్మిది, నా పిల్లలు ఆరు తిరుగుతాయి. ఉద్యోగం ఆవిడకుంది, చదువు ఆవిడకుంది, నా మొగుడు కూడా వదినగారిని అడిగి చేద్దాం అంటాడు, నా కడుపున పుట్టినవి కూడా సాయంత్రమైతే ఆవిడ అరుగెక్కుతాయి. నాకంటూ ఉన్నది ఈ చెయ్యొక్కటే. అది కూడా ఆవిడకే కావాలా అనిపించింది. అలా అనిపించడం తప్పని తెలిసే ఉంది, అయినా కడుపు మండిపోయింది.

ఇక్కడ మా నాన్నగారి గురించి చెప్పాలి. ఆయన పందెం కోళ్ళు పెంచేవారు, పేరున్న జాతి. ఎవరైనా వచ్చి మా అమ్మాయి కడుపుతో ఉందండి, రెండు నాటు గుడ్లు ఇప్పించండి అంటే లేదనేవారు కాదు. లోపలికి వెళ్ళి, ఒక్కో గుడ్డునీ పిడికిట్లో పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుని గట్టిగా ఇరవైసార్లు కుదిపి తెచ్చి ఇచ్చేవారు. వండుకోవడానికి లక్షణంగా ఉంటుంది, పొదగేస్తే మాత్రం పిల్ల పడదు. మన జాతి ఇంకో దొడ్లోకి పోకూడదనేవారు. నాకు ఏడేళ్ళు వచ్చేసరికి ఆ పని నాకు అప్పగించారు. నవ్వుతూ ఇవ్వాలి, అదీ ఆయన నేర్పిందే.

మధ్యాహ్నం అక్క స్కూల్లో ఉంది, పిల్లలు స్కూల్లో ఉన్నారు, మగాళ్ళు అరటితోటలో ఉన్నారు. అత్తయ్యగారు భోంచేసి నడుం వాల్చారు. కొట్టుగదికి తాళం ఉండేది కాదు. మా ఇంట్లో ఏ గదికీ ఉండేది కాదు.

పెట్ట కిందకి చెయ్యి పెట్టగానే పొడిచింది. కుడిచేతి వెనకవైపు చర్మం లేచొచ్చింది. అయినా తీశాను. గుడ్లు వెచ్చగా ఉన్నాయి. నాన్నగారి దగ్గర నేను కుదిపినవన్నీ చల్లటి గుడ్లు, ఈ వెచ్చదనం నాకు కొత్త. ఒకటి, రెండు. మూడో గుడ్డు దగ్గర ఆగాను. ఆగి, మళ్ళీ మొదలుపెట్టాను. ఆగినదాన్ని అక్కడితో వదిలెయ్యొచ్చు కదా అని ఇన్నేళ్ళలో నన్ను నేను చాలాసార్లు అడిగాను. జవాబు ఒకటే, తొమ్మిదీ పోవాలనుకున్నాను. ఒక్కటి మిగిలినా ఆవిడ దాన్నే పట్టుకుని సంతోషిస్తుందని నాకు తెలుసు. అంకెల వరస తప్పకుండా మళ్ళీ సర్ది, పెట్ట రెక్కలు దువ్వి బయటికొచ్చాను.

సాయంత్రం అక్క నా చెయ్యి చూసింది. "ఏంటిది చెల్లీ?"

"కొబ్బరిమట్ట గీసుకుందక్కా."

ఆవిడే పసుపు తెచ్చి అద్దింది. గాయం చుట్టూ వేలితో రాస్తూ కాసేపు దాన్నే చూసింది. కొబ్బరిమట్ట గీసుకుంటే గీత పడుతుంది, ఇలా జత పోట్లు పడవు. అది నాకు తోచేసరికి ఆలస్యమైపోయింది. ఆవిడకి అప్పుడే తోచిందో లేదో నాకు తెలీదు.

నా గుడ్లు ఇరవై ఒకటో రోజున ఆరూ పగిలాయి. అత్తయ్యగారు వీధిలో పోయేవాళ్ళని పిలిచి మరీ చూపించారు. మిగతా ఐదింటి గురించి అడిగితే, పుంజు తొక్కని గుడ్లు ఇచ్చుంటారు వాళ్ళ పుట్టింటివాళ్ళు, అన్నారు. అక్క వచ్చి పిల్లల్ని దూరంనుంచే చూసి, బాగున్నాయి చెల్లీ అంది. కేలండరులో ఆవిడకింకా ఐదు గళ్ళు ఉన్నాయి.

ఆ ఐదు రోజులూ నేను చూసింది మర్చిపోలేను. స్కూటీ ఆపగానే చెప్పులైనా విప్పకుండా కొట్టుగదిలోకి వెళ్ళేది. గుడ్డు చెవి దగ్గర పెట్టుకుని వినేది. రెండోసారి టార్చి వెయ్యలేదు, వేస్తే వేడికి ఏమైనా అవుతుందేమోనని భయమట. ఇరవై ఒకటో రోజు సెలవు పెట్టింది. స్టూలు వేసుకుని గంప పక్కనే కూర్చుంది. ఇరవై రెండో రోజు కూడా అక్కడే ఉంది. నేను కాఫీ ఇచ్చాను, తీసుకుంది. నాకు జాలి వేసిందని రాయొచ్చు. జాలికన్నా ముందు భయం వేసింది, ఎక్కడ బయటపడుతుందోనని. జాలి చాలా తర్వాత వచ్చింది, ఎవరికీ పనికిరాకుండా.

ఇరవై మూడో రోజు అత్తయ్యగారు గంప దొడ్లోకి తెప్పించారు. "ఇంక చాలు. పగలగొట్టి చూడు" అన్నారు. అక్కతో కాదు, నాతో.

"నేను చూసుకుంటానండి" అంది అక్క.

"నువ్వు ముట్టుకున్నది చాల్లే."

బూడిదకుప్ప పక్కన కూర్చుని ఒకటో నంబరు గుడ్డు పగలగొట్టాను. కుళ్ళు వాసన. నల్లటి నీళ్ళలో బొటనవేలు గోరంత పిల్ల. ఒంటికన్నా కళ్ళే పెద్దవి. రెండోది పగలగొట్టాను, అంతే పిల్ల. మూడోదీ అంతే. మా అమ్మాయి పక్కనే నిలబడి ముక్కు మూసుకుంది. తొమ్మిదీ అయ్యేసరికి బూడిద మీద తొమ్మిది వరసగా ఉన్నాయి, ఒకే కొలత, ఒకే ఈడు.

యాభై ఏళ్ళుగా కోళ్ళని పొదగేసిన మనిషి మా అత్తయ్యగారు. గుడ్లు వాటంతటవి మురిగితే ఒకటి మూడో రోజు ఆగుతుంది, ఒకటి పదో రోజు ఆగుతుంది. తొమ్మిదీ ఒకే పూట ఆగవు. ఆవిడ వాటిని చూశారు. తర్వాత నా చేతిని చూశారు. గాయం మానింది కానీ మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

"ఉరుముకి పోయాయి" అన్నారు.

ఆ నెలంతా ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. అక్క కూర్చుని గంపలో గడ్డి తప్పించి గడియ ముక్క బయటికి తీసింది. "ఉరమలేదండీ అత్తయ్యగారూ. ఇనుము కూడా పెట్టాను." తర్వాత నెమ్మదిగా అంది, "ఎనిమిదో రోజు పొద్దున్న బతికే ఉన్నాయండి. ముగ్గురం చూశాం."

"అవును మామ్మా, కదిలాయి కూడా" అంది మా అమ్మాయి.

"అయితే నీ చెయ్యే" అన్నారు అత్తయ్యగారు అక్కతో. "చెప్తే విన్నావు కాదు." లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఇంటి పరువు, మనవల తల్లి పరువు కాపాడినందుకు ఆవిడకి తృప్తిగానే ఉండుంటుంది. అక్క నన్ను అడుగుతుందేమోనని చూశాను. చేట తెచ్చి, తొమ్మిదింటినీ ఎత్తుకుని, కరివేపాకు చెట్టు మొదట్లో పాతిపెట్టింది.

పెట్ట మాత్రం ఒప్పుకోలేదు. గంప తీసేస్తే ఉత్త నేల మీదే రెక్కలు పరుచుకుని కూర్చుంది. మూడు రోజులు తిండి ముట్టలేదు. పొదుగు మాన్పించడానికి అత్తయ్యగారు దాని రెక్కలోంచే ఒక ఈక పీకారు. నన్ను గట్టిగా పట్టుకోమని, ముక్కు రంధ్రాల్లోంచి ఈ పక్కనుంచి ఆ పక్కకి గుచ్చారు. ఆ ఈకతో అది దొడ్డంతా తల విదిలించుకుంటూ తిరిగింది. నా ఆరు పిల్లలూ ఎదురైతే కొక్కొక్కమని పిలిచింది. తల్లికోడి దాన్ని నెత్తి మీద రక్తం వచ్చేలా పొడిచి తరిమింది. అక్క కిటికీ మూసుకుంది. ఆ కిటికీ మళ్ళీ దొడ్డివైపు తెరవడం నేను చూడలేదు.

కొన్నాళ్ళకి చిక్కుడుకాయలు వలుస్తూ అత్తయ్యగారు, "మీ నాన్నగారు పందెం కోళ్ళు పెంచేవారు కదూ" అన్నారు. అవునండి అన్నాను. మళ్ళీ కాయలు వలుచుకున్నారు. ఆ తర్వాత ఆవిడ నన్ను ఒక్క మాట కూడా గట్టిగా అన్నది లేదు. నాకు భయపడ్డారనుకుంటాను.

అక్క నాతో ఎప్పటిలాగే ఉంది. నా పిల్లలిద్దరికీ చదువు చెప్పింది. అమ్మాయికి జ్వరమొస్తే నాకన్నా ఎక్కువ మేలుకుంది. కానీ కోళ్ళ దగ్గరికి రాలేదు, గుడ్డు తినలేదు. నేను చెప్పేద్దామనుకున్న రోజులున్నాయి. చెబితే నా బరువు తగ్గుతుంది, ఆవిడ బరువు పెరుగుతుంది అని సర్దిచెప్పుకున్నాను. పిరికితనానికి ఎంత చక్కటి మాటలైనా దొరుకుతాయి.

అత్తయ్యగారు పోయి నాలుగేళ్ళయింది. తర్వాత కోళ్ళలో కొన్నిటిని ముంగిసలు పట్టుకుపోయాయి, మిగతావి మళ్ళీ తెగులొచ్చి పోయాయి. మొన్న వేసవికి దొడ్డి మళ్ళీ ఖాళీ. అప్పుడు మా అమ్మాయి రాజమండ్రినుంచి నెల రోజులుందామని వచ్చింది. పెళ్ళయి మూడేళ్ళు. ఇంకా ఏమీ లేదు. డాక్టరు దగ్గర మందులు వాడుతోంది, కాస్త విశ్రాంతి తీసుకోమన్నారు. అత్తగారింట్లో మాటలు పడుతోందని నాకు తెలుసు, అది చెప్పకపోయినా.

వస్తూ వస్తూ కడియంలో స్నేహితురాలి ఇంటినుంచి తొమ్మిది నాటు గుడ్లు పట్టుకొచ్చింది. "మళ్ళీ కోళ్ళు మొదలుపెడదామమ్మా, దొడ్డి బోసిగా ఉంది" అంది. పక్కింటావిడ పొదుగుకొచ్చిన పెట్టని ఇచ్చింది. అమ్మాయే గంపలో ఊక పోసింది, గడ్డి పరిచింది. నా చేతిలోని బుట్టలోంచి గుడ్డు తీసుకోవడానికి చెయ్యి చాపింది.

"నువ్వుండు" అన్నాను. "నేను పెడతాలే."

నా నోట్లోంచి అత్తయ్యగారి మాట ఎలా వచ్చిందో నాకు తెలీదు. ఆలోచించి అన్నది కాదు. చాపిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. అమ్మాయి నావైపు చూసింది, తర్వాత ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుంది. ఎందుకమ్మా అని కూడా అడగలేదు. అడగనక్కర్లేకుండా ఆ మాట ఎన్నిచోట్ల విని ఉందో.

అక్క అరుగు మీదనుంచి లేచింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ మెట్లు దిగి కోళ్ళవైపు రావడం అదే మొదలు. గుడ్ల బుట్ట నా చేతుల్లోంచి తీసుకుంది. లాక్కోలేదు, తీసుకుంది. అమ్మాయి ఒళ్ళో పెట్టింది.

"నువ్వే పెట్టమ్మా. ముందు పెన్సిల్ తెచ్చుకో, నంబర్లు వేద్దాం."

తొమ్మిదీ అమ్మాయే సర్దింది. గంపని అక్క తన కొట్టుగదిలోకి చేర్పించింది. సాయంత్రం బజారుకెళ్ళి తాళం కొనుక్కొచ్చింది. ఆ ఇంట్లో నేను చూసిన మొదటి గది తాళం అది. తాళంచెవి నల్లతాడుకి కట్టి మెడలో వేసుకుంది, ఎక్కడికెళ్ళినా దాంతోనే వెళ్ళేది.

అప్పుడు తెలిసింది నాకు. అనుమానం కాదు, ఆవిడకి మొదటినుంచీ తెలుసు. పసుపు అద్దిన రోజునుంచో, బూడిద మీద తొమ్మిదీ చూసిన రోజునుంచో. తెలిసే నా పిల్లలకి ఎక్కాలు నేర్పింది, తెలిసే నేనిచ్చిన కాఫీ తాగింది.

ఎనిమిదో రోజున ఉండబట్టలేక అడిగాను. "అక్కా, పెట్టకి నీళ్ళు పెడతాను, తాళంచెవి ఇవ్వండి."

"పెట్టాను చెల్లీ."

"తాళం దేనికి పెద్దమ్మా?" అంది పక్కనున్న అమ్మాయి.

"పిల్లి వస్తుందమ్మా."

"మన ఇంట్లో పిల్లి ఎక్కడుంది?"

"ఉంది. నువ్వు చూడలేదు." నావైపు చూడకుండానే అంది. ఇద్దరూ లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. టార్చి వేసినట్టున్నారు, అమ్మాయి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం తలుపు బయటికి వినిపించింది. ఎనిమిది దగ్గర గట్టిగా నవ్వింది. వచ్చిన దగ్గర్నుంచీ అది అలా నవ్వడం నేను వినలేదు. నేను తలుపు బయటే నిలబడిపోయాను. నా జీవితంలో దేనికోసమూ మొక్కనంతగా ఆ గుడ్ల కోసం మొక్కాను. ఇవి మురిగితే అమ్మాయి తన చేతినే చూసుకుంటుంది, జీవితాంతం. కొట్టుగదిలో స్టూలు మీద అక్క కూర్చున్న ఆ రెండు రోజులూ ఏం చూసుకుందో నాకప్పుడు తెలిసొచ్చింది.

ఇరవై ఒకటో రోజు పొద్దున్న తలుపు బార్లా తెరుచుకుంది. ఎనిమిది పిల్లలు. అమ్మాయి వాటిని చీరకొంగులో వేసుకుని దొడ్లోకి తెచ్చింది, ఏడుస్తోంది, నవ్వుతోంది. అక్క దాని కుడిచెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పి నాకు చూపించింది.

మరో రెండు రోజులు చూసి, మిగిలిన ఒక్క గుడ్డునీ తీసుకొచ్చింది. ఆరో నంబరు. నేను అంట్లు తోముతున్నాను. చెయ్యి కడుక్కోమని చెప్పి, గుడ్డు నా అరచేతిలో పెట్టింది. ఆ పెట్టడంలో కోపం లేదు. చంటిపిల్లకి పలక ఇచ్చినట్టు ఇచ్చింది.

"నువ్వే పగలగొట్టి చూడు చెల్లీ. ఏ రోజు ఆగిపోయిందో నీకు తెలుస్తుంది."

అమ్మాయి పిల్లలకి నూకలు జల్లుతూ తలెత్తింది. "అమ్మకెలా తెలుస్తుంది పెద్దమ్మా?"

అక్క మెడలోంచి నల్లతాడు తీసి, తాళంచెవి విప్పి కొంగున ముడేసుకుంది. తర్వాత నా పక్కన మెట్టు మీద కూర్చుంది, తొందరేమీ లేనట్టు. అమ్మాయి ఈసారి నన్నే అడిగింది.

"నీకెలా తెలుస్తుందమ్మా?"